గింజ ఎందుకు కుళ్లింది? పిల్లల తోటపని, ఆకులతో ఆటలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి సారం ఒకటే: "ఉత్సాహంగా మొదలుపెట్టాం, నాలుగో రోజుకు పాడైంది." వివరాలు చదివితే కారణాలు కూడా రెండే కనిపిస్తున్నాయి. ఒకటి, నీళ్లు ఎక్కువ కావడం. రెండోది, పిల్లల ఓపికకు మించిన పనిని ఎంచుకోవడం. మూడేళ్ల పిల్లలకు మూడు రోజుల్లో ఏదో ఒకటి కనబడాలి. ఆరేళ్లవాళ్లు రెండు వారాలు ఆగగలరు. ఏ పనికైనా ముందు ఈ లెక్క చూసుకోండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. గాజు గ్లాసులో తడి దూది పెట్టి రాజ్‌మా గింజలు వేశాం. మూడో రోజుకే జిగురు పట్టి వాసన కొట్టింది. రెండుసార్లూ ఇదే తంతు. గింజలు మంచివి కావంటారా?

జవాబు: తప్పు గింజలది కాకపోవచ్చు. దూదిని పిండితే నీళ్లు కారుతున్నాయా? అలా ఉంటే గింజకు ఊపిరాడదు. మొలకెత్తడానికి తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. నీళ్లలో మునిగిన గింజ ఉబ్బుతుంది, గాలి అందక లోపలే చచ్చిపోతుంది, ఆపైన కుళ్లుతుంది. మీకు వచ్చిన వాసన అదే.

ఈసారి బొబ్బర్లతో చేయండి. పచ్చి రాజ్‌మాలో కడుపును గట్టిగా ఇబ్బంది పెట్టే విషపదార్థం ఉంటుంది, ఉడికిస్తేనే పోతుంది. చేతికందినది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అది వద్దు. విత్తనాల ప్యాకెట్లో గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగు పూసిన గింజలు ఉంటే వాటినీ పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ రంగుతో పాటు సాధారణంగా శిలీంధ్రనాశిని కూడా పూసి ఉంటుంది.

ఆరు గింజలు తీసుకుని ఎనిమిది గంటలు నానబెట్టండి. రాత్రి వేసి పొద్దున్నే తీస్తే సరిపోతుంది. ఒక రోజంతా ఉంచితే పులిసిపోతాయి. వెడల్పు మూతి గాజు సీసా లోపలి గోడకు ఆనుకునేలా టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు వేసి చుట్టండి, మధ్యలో ఖాళీ లేకుండా ఇంకొన్ని కాగితాలు ఉండచుట్టి కుక్కండి. గాజుకూ కాగితానికీ మధ్య, అడుగు నుంచి సగం ఎత్తులో, గింజలు ఒక్కొక్కటే దూర్చాలి. పిల్లల వేళ్లకు ఇది భలే పని, మీరు చేయకండి. ఆపైన అడుగున ఒక సెంటీమీటరు మాత్రమే నీళ్లు పోయండి. కాగితం తనంతట తానే పైకి పీల్చుకుంటుంది. నీటి మట్టం గింజను తాకకూడదు, ఈ పని మొత్తంలో ముఖ్యమైన మాట ఇదొక్కటే. మూత పెట్టొద్దు.

రెండు, మూడు రోజుల్లో బొబ్బర గింజ నల్లకన్ను పక్క నుంచి తెల్లటి వేరు బయటికొస్తుంది. అది 3 సెంటీమీటర్లు సాగాక సీసాను పక్కకు పడుకోబెట్టి, దొర్లకుండా రెండు పక్కలా ఏదైనా అడ్డం పెట్టండి. పడుకోబెట్టే ముందు అడుగున మిగిలిన నీళ్లు వంపేయండి, తడి కాగితం ఒక రోజుకు చాలు. మర్నాటికి వేరు కొస మళ్లీ నేలవైపు వంగి ఉంటుంది. పాత వేరు అలాగే ఉంటుంది, కొత్తగా పెరిగిన కొస మాత్రమే తిరుగుతుంది. సీసా మీద స్కెచ్ పెన్నుతో వేరు కొస ఉన్న చోట రోజుకో గీత పెట్టించండి, ఎంత పెరిగిందో బాబే చెబుతాడు.

వారం దాటాక గింజ రెండు బద్దలుగా విచ్చుకుని కాండంతో పాటు పైకి లేస్తుంది. ఆ తర్వాత బద్దలు ముడుచుకుపోయి రాలిపోతాయి. మొక్క చచ్చిపోతోందని పిల్లలు బెంగపడేది ఇక్కడే. బద్దల్లో దాచుకున్న తిండి అయిపోయింది, ఇక దానికి మట్టి కావాలి, అంతే. 10, 12 రోజులకు కుండీలోకి మార్చండి. వేళ్లు కాగితంలో చిక్కుకుని ఉంటాయి, లాగితే తెగుతాయి. చుట్టూ కాగితం చించి, దానితో సహా నాటేయండి.

అన్నట్టు, పొట్టు తీసి బద్దలు చేసిన పప్పు మొలకెత్తదు. పక్కన అది కూడా ఒకటి పెట్టి చూపిస్తే, ఎందుకు రాలేదన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది.

ప్రశ్న: మా పాప వయసు మూడేళ్లు. మొక్కంటే ప్రాణం. ఆ ప్రేమతో రోజుకు పదిసార్లు నీళ్లు పోస్తుంది, మట్టి తవ్వి గింజ వచ్చిందో లేదో చూస్తుంది. వద్దంటే ఏడుపు. ఏం చేయాలి?

జవాబు: వద్దనకండి. రెండు కుండీలు పెట్టండి, ఒకటి మొక్కకు, ఒకటి తన చేతులకు. రెండో దాంట్లో మట్టి, నాలుగు రాళ్లు, ఒక చెంచా వేసి వదిలేస్తే అది తన రాజ్యం. తవ్వాలన్న కోరిక అక్కడ తీరిపోతే మొదటి కుండీ జోలికి రావడం చాలావరకు తగ్గుతుంది.

నీళ్ల సంగతికి 250 మి.లీ. చిన్న సీసా తీసుకుని, కాల్చిన సూదితో మూతకు అయిదారు చిల్లులు పెట్టండి (ఇది మీరు చేయాల్సిన పని). పొద్దున ఒకసారి నింపి ఇవ్వండి, ఆ రోజుకు అదే కోటా. పది విడతలుగా చల్లినా 20 సెంటీమీటర్ల కుండీకి ఎండ కాలంలో ఫర్వాలేదు. మబ్బు పట్టిన రోజుల్లో సగమే నింపండి. చల్లేముందు తన వేలిని రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చమనండి. వేలికి తడి మట్టి అంటుకుంటే మొక్కకు దాహం లేనట్టు. ఈ పరీక్ష మూడేళ్లవాళ్లు చక్కగా నేర్చుకుంటారు, వేలు మురికి కావడం వాళ్లకు అదనపు సంతోషం.

కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. అడుగున గులకరాళ్లు పరిచాం కదా, చిల్లు లేకపోయినా ఫర్వాలేదన్న మాట నమ్మకండి, నీళ్లు ఎక్కడికీ పోవు, రాళ్ల మధ్య నిలిచి వేళ్లను కుళ్లబెడతాయి. మట్టి, బాగా మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే నీరు నిలవదు, మరీ తొందరగా ఆరిపోదు కూడా. ఎరువు సంచి విప్పేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి, ముందు కాస్త నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

మొలిచిన నారు మట్టికి ఆనుకున్న చోట సన్నగా దారంలా అయిపోయి పక్కకు ఒరిగిందంటే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడక శిలీంధ్రం పట్టిందన్నమాట. ఒరిగిన మొక్క లేవదు. దాన్ని తీసేసి, మిగిలినవాటికి రెండు రోజులు నీళ్లు ఆపి, గాలి తగిలే చోట పెట్టండి. అలాకాకుండా కాండం పొడుగ్గా సాగి, పాలిపోయి, కిటికీ వైపు వాలిందంటే అది తెగులు కాదు, వెలుతురు చాలడం లేదు.

కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లను వారానికి రెండుసార్లు పారబోయండి. దోమ గుడ్డు దోమగా మారడానికి వేడి వాతావరణంలో వారం, పది రోజులు చాలు.

ప్రశ్న: ఆకులు, పూలు పుస్తకంలో పెట్టి ఆరబెడితే నల్లబడిపోతున్నాయి. కొన్నింటికి బూజు కూడా పట్టింది. పిల్లలతో గ్రీటింగ్ కార్డులు చేయించాలని ఉంది.

జవాబు: పుస్తకంలో పెట్టారు సరే, కాగితం మార్చారా? ఆకులో ఉన్న నీరు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువగా బయటికి వస్తుంది. ఆ తడి కాగితంలోనే వారం పాటు ఉంటే నల్లబడక ఏమవుతుంది! పాత వార్తాపత్రికల మధ్య, ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన అయిదారు బరువైన పుస్తకాలు పెట్టండి. మర్నాడు కాగితాలు మార్చండి, మూడో రోజు ఒకసారి, అయిదో రోజు ఒకసారి. పదో రోజుకు ఆకు గలగలమంటుంది. వంచితే వంగుతోందంటే ఇంకా ఆరలేదు. నున్నటి, మెరిసే పత్రిక కాగితం తడి పీల్చదు, వాడకండి.

కోసే వేళ కూడా ముఖ్యం. మంచు ఆరిపోయాక, పొద్దున పది గంటల ప్రాంతంలో కోయండి. కండగల ఆకులు, ముద్దగా ఉండే పూలు పనికిరావు. ముద్దబంతి లాంటిదైతే రేకలు విడదీసి పరచాలి. ఫెర్న్ ఆకులు, గడ్డి పూలు, పలచని ఒంటిరేక పూలు బాగా నిలుస్తాయి. ఎంత బాగా ఆరబెట్టినా ఆకుపచ్చ రంగు వెలుతురుకు నెమ్మదిగా వెలిసిపోతుంది, కాబట్టి కార్డును ఎండ తగిలే గోడకు పెట్టకండి. అతికించడానికి తెల్ల జిగురులో కొంచెం నీళ్లు కలిపి బ్రష్‌తో పలచగా రాయాలి. చిక్కగా రాస్తే ఆరాక ఆకు ముడతలు పడుతుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకు పది రోజులు ఆగడం పెద్ద శిక్ష. వాళ్లతో ఆకు అచ్చు తీయించండి. ఆకును బోర్లించి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న వెనుక వైపు పైకి వచ్చేలా పెట్టండి. పైన పలచని కాగితం వేసి, నాలుగు మూలలా టేపు అంటించండి. క్రేయాన్‌కు ఉన్న కాగితం తొడుగు తీసేసి, అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. కొసతో రుద్దితే కాగితం చిరుగుతుంది, అచ్చు రాదు. దాదాపు అందరూ చేసే పొరపాటు ఇదే.

ప్రశ్న: పూలతో రంగులు తయారుచేయవచ్చని విన్నాం. ఎర్ర మందారాలు నూరి బొమ్మ వేస్తే, ఆరాక బూడిద, ఊదా కలిసిన రంగు వచ్చింది. ఎర్రగా రావాలంటే?

జవాబు: మీరు చూసింది వైఫల్యం కాదు. అసలు తమాషా అక్కడే ఉంది. మందారం రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం (వంటసోడా, సుద్ద లాంటివి) తగిలితే నీలి, ఆకుపచ్చ వైపు పోతుంది. ఇప్పుడు దొరికే తెల్లకాగితాల్లో చాలావాటిలో సుద్ద లాంటి పదార్థం కలుపుతారు, అందుకే కాగితం మీద ఆరేసరికి రంగు మారింది.

పది పూల రేకలు మాత్రమే తీసుకోండి. ఆకుపచ్చ తొడిమ, మధ్యలో పుప్పొడి కాడ తీసేయాలి. 100 మి.లీ. వేడి నీళ్లు మీరు పోసి, చల్లారాక పిల్లలను చేత్తో పిసకమనండి. వడకట్టి మూడు గిన్నెల్లో సమంగా పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండో దాంట్లో నిమ్మరసం, మూడో దాంట్లో పావు కప్పు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లు డ్రాపర్‌తో ఒక్కో చుక్కే వేయించండి. మొదటి చుక్క పడిన చోట రంగు మేఘంలా విప్పుకుంటుంది. అక్కడ ఆగండి, గబగబా కలిపేయనివ్వకండి. నిమ్మరసం గిన్నె గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. సోడా గిన్నె మురికి నీలం మీదుగా ఆకుపచ్చకు పోతుంది. నీలి శంఖపుష్పంతోనూ చేయవచ్చు, అది నిమ్మరసం తగలగానే ఊదారంగుకు మారుతుంది.

ఎర్రటి బొమ్మే కావాలంటే నిమ్మరసం కలిపిన గిన్నెతో వేయించండి, ఒకటి రెండు పూతలు ఎక్కువ వేయాలి. ఈ రంగులు ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి నిలవవు, బొమ్మ కూడా కొన్ని వారాల్లో వెలిసిపోతుంది. ఆ సంగతి ముందే చెప్పి, వేసిన రోజే ఫొటో తీసుకుంటే గొడవ ఉండదు.

ఇంకోటి: పసుపు కలిపిన నీళ్లు కాగితానికి పూసి పూర్తిగా ఆరనివ్వండి. సోడా నీళ్లలో ముంచిన ఇయర్‌బడ్‌తో దాని మీద గీస్తే ఇటుక రంగు గీతలు పడతాయి. పసుపు బట్ట మీద పడి, సబ్బు తగిలి ఎర్రబడితే కంగారుపడకండి, ఉతికి ఎండలో ఆరేస్తే మరక వెలుస్తుంది.

ప్రశ్న: అయిదేళ్ల అమ్మాయి, రెండేళ్ల అబ్బాయి ఉన్నారు. గింజలతో దండలు గుచ్చడం నేర్పాలనుకుంటున్నాను. గురివింద గింజలు చూడ్డానికి బాగుంటాయి కదా?

జవాబు: గురివింద ఇంట్లోకే తేకండి. గట్టి పెంకు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపే దాని విషం లోపల ఉంటుంది. దండకు చిల్లు పెట్టామంటే ఆ పెంకును మనమే తెరిచినట్టు. నమిలిన గింజ ప్రాణాంతకం. ఆముదం, ఉమ్మెత్త, పచ్చగన్నేరు గింజలు కూడా ఇదే జాబితాలో వేసుకోండి.

అమ్మాయికి గుమ్మడి గింజలు ఇవ్వండి. కడిగి, గుజ్జు పోయేలా రుద్ది, ఒక పూట మాత్రమే ఆరనిస్తే తోలులా మెత్తగా ఉంటాయి, మొద్దు సూది కూడా దిగుతుంది. పూర్తిగా ఎండాక గుచ్చితే పగిలిపోతాయి. గుచ్చిన తర్వాత రెండు రోజులు గాలికి వేలాడదీయండి. లోపల తడి ఉండగా డబ్బాలో పెడితే బూజు తప్పదు.

రెండేళ్ల అబ్బాయి పక్కన ఉండగా ఈ పని పెట్టుకోవద్దు. మూడేళ్ల లోపు పిల్లలకు, 3 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి. వాడికి అరచేతికి మించిన గులకరాళ్లు, నీళ్లు, ఒక బ్రష్ ఇవ్వండి. తడిపితే రాయి రంగు ముదురుతుంది, ఆరితే పోతుంది. ఇంత చిన్న విషయంతో అరగంట గడిచిపోతుంది.

గింజ ముక్కులోనో చెవిలోనో దూరితే నీళ్లు, నూనె, చుక్కల మందు ఏదీ వేయకండి. తడి తగిలితే గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. పట్టకారుతో ప్రయత్నిస్తే లోపలికి పోతుంది. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఒక ముక్కు నుంచి మాత్రమే దుర్వాసనతో చీమిడి కారుతుంటే కూడా, ఎప్పుడో దూరిన గింజ ఉందేమోనని అనుమానించాల్సిందే.

ప్రశ్న: ధనియాలు చల్లి రెండు వారాలైంది, ఒక్కటీ రాలేదు.

జవాబు: ధనియం ఒక గింజ కాదు, గుండ్రటి కాయ. లోపల రెండు గింజలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతులో వేయండి. పది రోజులకు అటూ ఇటుగా మొలుస్తాయి. ఒత్తడం పిల్లలకు ఇష్టమైన పని, అయితే పిండి చేయకుండా చూడాలి. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్నవైతే ఏం చేసినా రావు. పిల్లలకు ఆత్రం ఎక్కువైతే పక్కనే ఒక వరుస మెంతులు చల్లండి, అవి మూడో రోజుకే తల ఎత్తుతాయి.

ప్రశ్న: పాత కాగితాల గుజ్జులో విత్తనాలు కలిపి, తర్వాత మట్టిలో నాటేందుకు విత్తనాల కాగితం చేశాం. ఆరుతుండగానే మొలకలొచ్చి ఎండిపోయాయి.

జవాబు: ఆరడానికి ఎక్కువ సమయం పట్టింది. కాగితం మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు, 24 గంటల్లో పూర్తిగా ఆరాలి. గుజ్జును జల్లెడలో వేసిన బట్ట మీద పరిచి, పైనుంచి స్పాంజితో ఒత్తుతూ నీళ్లు పిండేస్తూ ఉండండి. స్పాంజి పిండే పని పిల్లలది. తర్వాత ఫ్యాను కింద పెట్టండి. విత్తనాలను మిక్సీలో వేయొద్దు, గుజ్జు తయారయ్యాక చివర్లో చేత్తో కలపాలి. నాలుగు ఏ4 కాగితాల గుజ్జుకు ఒక చెంచా చాలు. ఆవాలు, సబ్జా తడి తగిలితే ఆగవు, తోటకూర లాంటి సన్న విత్తనాలు మేలు. వర్షాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: మా నిమ్మ మొక్క ఆకుల మీద పక్షి రెట్టలా ఉన్న పురుగులు కనిపించాయి. చంపేద్దామంటే మనవడు ఒప్పుకోవడం లేదు, పెంచుతానంటున్నాడు. వాడికి ఆరేళ్లు. పెంచవచ్చా?

జవాబు: మనవడి మాటే వినండి. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్లలవి. పక్షులు రెట్ట అనుకుని వదిలేయాలని ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పుల్లతో తాకితే తల వెనుక నుంచి రెండు నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి, అది శత్రువును బెదిరించడానికి. వీటికి ఒంటి నిండా నూగు ఉండదు. నూగు ఉన్న గొంగళిపురుగులను మాత్రం ముట్టుకోనివ్వకండి, దురద, దద్దుర్లు వస్తాయి.

అన్నీ వద్దు, ఒకటి రెండు చాలు. ఆకుపచ్చగా మారినదాన్ని తీసుకుంటే ఆరేళ్లవాడి ఓపికకు సరిపోతుంది. రెండు లీటర్ల వెడల్పు సీసా, మూతికి దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు కావాలి. లోపల నిమ్మరెమ్మను చిన్న మందు సీసాలో నీళ్లు పోసి నిలబెట్టండి. ఆ సీసా మూతిని దూదితో బిగించకపోతే పురుగు కిందికి దిగి నీళ్లలో పడి చస్తుంది. రోజూ కొత్త రెమ్మ పెట్టాలి, అది కూడా మందు కొట్టని మొక్క నుంచే. పురుగును చేత్తో తీయకుండా, అది ఉన్న ఆకునే కత్తిరించి కొత్త రెమ్మ మీద పెట్టండి. అడుగున పరిచిన కాగితం మీద పడే నల్లటి రెట్టను రోజూ దులిపేయడం మనవడి బాధ్యత. తడి చేరితే బూజు వస్తుంది.

ఒక రోజు అది తినడం మానేసి, పలచగా విరేచనం చేసి, సీసా అంతా తిరుగుతుంది. జబ్బు చేసిందని భయపడకండి, గూడు కట్టే చోటు వెతుక్కుంటోంది. ఏటవాలుగా ఒక పుల్ల పెట్టండి. పట్టుదారంతో నడుముకు ఉట్టిలా కట్టుకుని ఆనుకుంటుంది. ఇక కదపొద్దు. వాతావరణం వెచ్చగా ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు గూడు ముదురు రంగుకు తిరిగి, రెక్కల మచ్చలు లోపలి నుంచి కనిపిస్తాయి. చాలాసార్లు పొద్దున పూట వస్తుంది, కాబట్టి ఆ రెండు రోజులూ మనవడిని త్వరగా లేపండి. వచ్చిన వెంటనే రెక్కలు ముడతలు పడి తడి గుడ్డలా ఉంటాయి. కిందికి వేలాడి చాచుకోవడానికి చోటుండాలి. ఆ సమయంలో తాకితే రెక్క వంకరపోయి ఇక ఎగరలేదు. రెండు, మూడు గంటలు ఆగి కిటికీ దగ్గర తెర తీసేయండి.

గూడులోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగల్లాంటివి వచ్చినా ఆశ్చర్యపోకండి. బయట ఉన్నప్పుడే అవి పురుగులో గుడ్లు పెట్టి ఉంటాయి. మనవడికి దాచకుండా చెప్పండి, మొదటి ప్రశ్న తప్పకుండా "మరి అవి ఎలా దూరాయి?" అని ఉంటుంది.